బస్తరు వీరుడు గుండాధుర్

1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తాను సేనల వశమైన పిదప, కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి దండకారణ్యమున నొక రాజ్యమును స్థాపించెనని ప్రతీతి. అదియే బస్తరు. దానికి ఇంద్రావతీ తీరమందలి జగదల్‌పూరు తరువాతి కాలమున రాజధాని యయ్యెను. 1910లో ఆ సింహాసనముపై నుండిన రుద్రప్రతాప దేవుని పేరులోనే ఓరుగల్లు జ్ఞాపకము కలదు. ఆ రాజు కాలమున, కాంగేరు అడవుల చెంతనున్న నేతనార్ గ్రామపు ధుర్వా గిరిజనుడొకడు రాజ్యమునెల్ల గడగడలాడించెను. ఆతడే గుండాధుర్. ధుర్వాల పర్జీ భాష మన తెలుగువలె ద్రావిడ కుటుంబమునకు చెందినదే.

గుండాధుర్ పెరిగిన సమాజమున నొక కట్టుబాటు కలదు. ఊరూరికి దాని నేలను భూదేవియే యిచ్చినదని వారి నమ్మకము. పొరుగూరి అడవినుండి కట్టె తెచ్చుకొనవలసి వచ్చినచో, దేవసారి యను చిన్న రుసుము ఆ యూరివారికి చెల్లింపవలెను. ఇట్టివారిని తరువాతి కాలమున ప్రభుత్వ పత్రములు దోపిడిగాండ్రని వ్రాసినవి!

1905లో మూడింట రెండు వంతుల అడవిని రక్షితారణ్యముగా చేయవలెనని ప్రభుత్వము సంకల్పించెను. పోడు, వేట, అటవీ ఫలసేకరణము నిషిద్ధములయ్యెను. ఊళ్లు లేచిపోయెను. కొన్ని యూళ్లవారిని మాత్రము చెట్లు నరికి మోయుటకై కూలి లేకుండ అడవిలో నుండనిచ్చిరి. దానికి తోడు వెట్టి, హెచ్చిన శిస్తులు, 1907-08 నాటి కరవు. రాజబంధువును, లోగడ దివానుగిరి చేసినవాడును నగు లాల్ కాలేంద్రసింగు ప్రోత్సాహము కూడ తోడయ్యెను. కాని కరవు లేనిచో అంతఃపురపు అసంతృప్తి అడవిని కదలించి యుండదు.

1910 ఆరంభమున మామిడి కొమ్మ, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణములు ఊరినుండి యూరికి రహస్యముగా పయనించెను. ప్రతి గ్రామమును తిరుగుబాటు వ్యయమునకు ఏదో యొకటి సమర్పించెను. ఫిబ్రవరి మొదటి వారమున పుష్పాల్ సంత కొల్లవోయెను. పిదప వర్తకుల యిండ్లు, అధికారుల యిండ్లు, ఠాణాలు, పాఠశాలలు వరుసగా దోపిడికి, అగ్నికి గురియయ్యెను. దోచిన ధాన్యమును జనులకు పంచిపెట్టిరి. పండ్రెండేండ్ల తరువాత మన్యమున అల్లూరి సీతారామరాజు ఠాణాలపై బడి తుపాకులు గైకొనెను. బస్తరు జనులకు ముందుగా కావలసినది గింజలు. సంతలో సరకు పోగొట్టుకొన్న వర్తకులందరును దుర్మార్గులని చెప్పరాదు. అయినను దెబ్బతిన్న వారిలో అధికులు ఏదో యొక విధమున దొరతనమునకు కొమ్ముకాచినవారే. బడిని తగులబెట్టుట మాత్రము చదువుకొన్నవారికి మింగుడుపడని పని. కాని పిమ్మట జరిగిన విచారణలో, ఉపాధ్యాయుల దాష్టీకమును గూడ తిరుగుబాటు కారణములలో నొకటిగా లెక్కించిరి.

విల్లుకాండ్రు జగదల్‌పూరును చుట్టుముట్టిరి. ఇంగ్లీషు సేనలు దిగెను. నాయకులు సంధిమాటలకై యత్నింపగా, వారి విడుదులను ముట్టడించి కాల్పులు జరిపిరి. ఆల్‌నార్ కడ రాత్రివేళ జరిగిన పోరునకు సోనూ మాఝీ యనువాని ద్రోహము కారణమని బస్తరు వారు నేటికిని చెప్పుకొందురు. పిదప సైనికులు ఊరూర తిరిగి జనులను కొరడాలతో కొట్టిరి. జనులు అడవికి పారిపోగా ఊళ్లు పాడుపడెను. గుండాధుర్ సహచరుడు దేబ్రీధుర్‌ను జగదల్‌పూరు గోల్ బజారులోని చింతచెట్టునకు ఉరి తీసిరని ప్రతీతి. బస్తరు మరల దొరతనమువారి చేతికి చిక్కుటకు మే నెల వరకు పట్టెను.

గుండాధుర్ మాత్రము చిక్కలేదు. అడవిలో ప్రవేశించినవాడు మరల ప్రభుత్వము కంట బడలేదు. అడవిని రక్షితముగా ప్రకటించు పని కొంతకాలము నిలిచెను. తుదకు తలపెట్టిన విస్తీర్ణము ఇంచుమించు సగమునకు తగ్గెను. ఆతని విల్లుకాండ్రు ముట్టడించిన ఆ జగదల్‌పూరులోనే నేడు వ్యవసాయ కళాశాల గుండాధుర్ పేర నున్నది.