రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు

కోవిల్‌పట్టి, విరుదునగర్ పల్లెలలోని తెలుగు కుటుంబాల పరిస్థితి పాఠకులకు తెలియనిది కాదు. ఇంట మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది తమిళం. పిల్లలలో చాలామందికి తెలుగు అక్షరమే రాదు. అట్టివారికి భాష చెవి ద్వారానే అందవలసి ఉన్నది. ఆ మార్గాన వేలాది పిల్లలకు తెలుగును అందించిన మహనీయుడు న్యాయపతి రాఘవరావు.

ఆయన 1905 ఏప్రిల్ 13న బరంపురంలో జన్మించారు. అదీ మన వంటి సరిహద్దు ఊరే. 1936లో ఒరిస్సాలో కలిసింది. కొంతకాలం ఉపాధ్యాయ వృత్తిలో ఉండి, పిదప మద్రాసు చేరారు. అక్కడ 1938 జూన్ 16న ఆలిండియా రేడియో కేంద్రం ప్రారంభమైంది. సతీమణి కామేశ్వరితో కలిసి ఆ కేంద్రంలో తెలుగు పిల్లల కార్యక్రమాన్ని నడిపారు. శ్రోతలకు ఆయన రేడియో అన్నయ్య, ఆమె రేడియో అక్కయ్య. ఉద్యోగపు హోదా మరుగున పడి చుట్టరికమే నిలిచింది.

అనౌన్సర్ల ఎంపికకు ఆకాశవాణి రాతపరీక్షతో పాటు స్వరపరీక్ష కూడా పెడుతుంది. స్పష్టమైన ఉచ్చారణ, కాగితం చూచి చదువుతున్నట్లు తోచనీయని ధోరణి, నిర్ణీత సమయానికి మాట ముగించే ఒడుపు ముఖ్యం. ఉచ్చారణ విషయంలో మన పిల్లలకొక చిక్కున్నది. తమిళ లిపిలో క, గ, ఖ, ఘ అన్నింటికీ ఒకే అక్షరం. అందుచేత ఒత్తులు జారిపోతాయి. అయితే ళకారాన్ని మాత్రం మనవారు కోస్తా వారికంటె చక్కగా పలుకుతారనే నా అభిప్రాయం!

రాఘవరావుగారి ప్రత్యేకత వీటికి మించినది. కంటికి కనబడని బిడ్డను ఎదుట కూర్చుండబెట్టుకొన్నట్లు మాట్లాడేవారు. అంతటితో ఆగక పిల్లలనే మైకు ముందుకు తెచ్చి ఆడించి, పాడించి, నాటికలు వేయించారు. బడిలో నోరు విప్పని పిల్లవానిచేత పలికించడమెంత కష్టమో ఉపాధ్యాయులకు తెలుసును.

1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. 1945లో 'బాల' మాసపత్రికను ప్రారంభించారు. 1956లో దంపతులిరువురూ హైదరాబాదుకు తరలివెళ్లి, అక్కడి కేంద్రం నుండీ పిల్లల కార్యక్రమాలు నిర్వహించారు. కామేశ్వరిగారు ముందుగా కన్నుమూయగా, రాఘవరావుగారు 1984 ఫిబ్రవరి 24న పరమపదించారు. ఆనాడు ఆయన మైకు ముందు నిలిపిన పిల్లలు అప్పటికే తాతలు, అమ్మమ్మలు అయి ఉన్నారు. వారికి ఆయన అప్పటికీ అన్నయ్యే.