చీము పట్టకముందే: జోసెఫ్ లిస్టర్ జీవితం

నూట అరవై ఏళ్ళ క్రితం ఐరోపాలో శస్త్రచికిత్సకు వెళ్ళే రోగి ఇంటివారితో కడసారి మాటలు చెప్పుకొని వెళ్ళేవాడు. కోత చక్కగా ముగిసినా, నాలుగైదు రోజులు గడిచేసరికి గాయం ఎర్రబారి, చీము పట్టి, జ్వరం ముదిరి ప్రాణం పోయేది. నెత్తుటి మరకలతో అట్టకట్టిన పాత కోటు తొడుక్కొని వైద్యులు కోతకు దిగేవారు. ఆ మరకలు అనుభవానికి గుర్తులని గర్వించేవారు కూడా. ఒకరి పుండును తాకిన చేతులతోనే మరొకరి గాయాన్ని తాకేవారు. చీము పట్టడం గాయం మానడంలో ఒక మెట్టేనని కొందరు, ఆసుపత్రిలోని చెడుగాలే కారణమని మరికొందరు నమ్మేవారు. 1846లో ఈథర్ మత్తు వచ్చి నొప్పి తీరింది. రోగి కదలక పడుకోవడంతో వైద్యులు మునుపటికంటె పెద్ద కోతలకు సాహసించారు. కుళ్ళు మాత్రం తగ్గలేదు.

ఆ కుళ్ళుకు మూలం వెదకినవారు జోసెఫ్ లిస్టర్. ఆయన 1827 ఏప్రిల్ 5న లండన్ సమీపంలోని అప్టన్‌లో జన్మించారు. తండ్రి ద్రాక్షసారా వర్తకుడైనా, సూక్ష్మదర్శిని కటకాలను మెరుగుపరచి పండితుల మన్నన పొందినవారు. కంటికి కనిపించని లోకం ఒకటున్నదని కుమారుడు ఇంటనే నేర్చుకున్నాడు. క్రైస్తవంలోని క్వేకర్ శాఖకు చెందిన కుటుంబం కావడంతో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ చదువులు అందుబాటులో లేకపోయాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో చదివి 1852లో వైద్యపట్టా పొందారు. మరుసటి ఏడు ఎడిన్‌బరో వెళ్ళి ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద చేరారు. 1856లో గురువు కుమార్తె ఆగ్నెస్‌ను వివాహమాడి, అందుకోసం క్వేకర్ శాఖను విడిచారు. వారికి సంతానం కలుగలేదు. ఆగ్నెస్ భర్త ప్రయోగాలలో పాలుపంచుకొని, ఆయన చెబుతుండగా పుటలకు పుటలు వ్రాసిపెట్టేది. లిస్టర్ కీర్తిలో ఆ ఇల్లాలి వాటా ఎంతో చెప్పే పుస్తకాలు తక్కువే.

1860లో గ్లాస్గో విశ్వవిద్యాలయం ఆయనను శస్త్రచికిత్స ఆచార్యునిగా నియమించింది. అక్కడి ఆసుపత్రిలో కాలో చెయ్యో తీసివేసిన రోగులలో దాదాపు సగంమంది మరణించేవారు. 1865లో రసాయనశాస్త్ర ఆచార్యుడు థామస్ ఆండర్సన్ ఆయన దృష్టిని ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ రచనలవైపు మళ్ళించారు. పదార్థాలు పులియడానికి, కుళ్ళడానికి సూక్ష్మజీవులే కారణమని పాశ్చర్ నిరూపించారు. మాంసం కుళ్ళేది వాటివల్లనైతే గాయం కుళ్ళేదీ వాటివల్లనే కావాలని లిస్టర్ తర్కించారు. పాలను కాచినట్లు గాయాన్ని కాచలేము కదా! సూక్ష్మజీవులను చంపే రసాయనం ఒకటి కావాలి. కార్లైల్ పట్టణంలో మురుగు దుర్గంధం పోగొట్టడానికి కార్బాలిక్ ఆమ్లం వాడుతున్నట్లు ఆయన విని ఉన్నారు. దానినే తీసుకున్నారు.

మొదటి ప్రయత్నం విఫలమైంది. 1865 ఆగస్టు 12న పదకొండేళ్ళ జేమ్స్ గ్రీన్‌లీస్‌ను ఆసుపత్రికి తెచ్చారు. బండిచక్రం ఎక్కి ఎడమకాలి ఎముక విరిగి, పైన చర్మం చీలింది. అటువంటి కాలును తీసివేయడమే ఆనాటి ఆచారం. లిస్టర్ గాయాన్ని కార్బాలిక్ ఆమ్లంతో శుభ్రపరచి, అందులో తడిపిన గుడ్డతో కట్టు కట్టించారు. నాలుగు రోజులకు విప్పి చూస్తే చీము లేదు. ఆరు వారాలకు ఎముక అతికింది. ఆ పిల్లవాడు రెండు కాళ్ళతో ఇల్లు చేరాడు.

1867 జూన్‌లో లిస్టర్ సోదరి ఇసబెల్లాకు రొమ్ము క్యాన్సర్ సోకింది. కోతకు పలువురు వెనుదీయగా, తోడబుట్టినవాడే కత్తి పట్టవలసి వచ్చింది. తన ఇంటిలోనే కార్బాలిక్ పద్ధతిలో శస్త్రచికిత్స చేశారు. గాయం చీము పట్టక మానింది. ఆమె సుమారు మూడేళ్ళు జీవించింది. అదే సంవత్సరం ఆయన తన పద్ధతిని వైద్యపత్రికలో ప్రకటించారు. 1864, 1866లలో అవయవం తీసివేసిన 35 మందిలో 16 మంది మరణించగా, కొత్త పద్ధతిలో 1867 నుండి 1869 వరకు 40 మందిలో ఆరుగురే మరణించినట్లు ఆయన లెక్క చూపారు. అయినా చాలామంది నమ్మలేదు. క్లోరోఫారం మత్తును ప్రవేశపెట్టిన జేమ్స్ సింప్సన్ వంటి పెద్దలే ఎదిరించారు. కంటికి కనిపించని పురుగుల కోసం ఇంత హంగామా ఏమిటని పరిహసించినవారూ ఉన్నారు.

1869లో ఎడిన్‌బరో తిరిగి వెళ్ళి, గాలిలోని సూక్ష్మజీవులను కూడా చంపాలని కార్బాలిక్ తుంపరలు చిమ్మే యంత్రం వాడసాగారు. 1871లో విక్టోరియా రాణి చంకలోని చీముగడ్డను కోసినప్పుడు కూడా ఆ తుంపర వాడారు. వైద్యుల చేతులు పొక్కేవి, ఊపిరి ఆడేది కాదు. అపాయం గాలికంటె చేతులలో, పరికరాలలో ఎక్కువని తేలిన పిమ్మట, 1890లో బెర్లిన్ మహాసభలో తుంపరను తానే త్యజించినట్లు లిస్టర్ ప్రకటించారు. రాణికి చేసిన చికిత్సకంటె ఇదే ఆయన గొప్పతనమని నా అభిప్రాయం. మన పల్లెల్లో గాయం చెడితే సెప్టిక్ అయిందంటాము. ఆ మాటకు గ్రీకుభాషలో కుళ్ళడమని అర్థం. యాంటీసెప్టిక్ అన్న పేరు లిస్టర్ పద్ధతికి అందుకే వచ్చింది.

మరొక విషయం చాలామందికి తెలియదు. 1871లోనే ఆయన పెనిసిలియం అనే బూజు పెరిగినచోట సూక్ష్మజీవులు సరిగా ఎదగకపోవడం గమనించి వ్రాసుకున్నారు. ఆ జాతి బూజు నుండే 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను కనుగొన్నారు. యాంటీబయాటిక్‌లు వచ్చాక శస్త్రవైద్యులకు గొప్ప అండ దొరికింది. కాని వాటిని ఎప్పుడు ఇవ్వాలన్నది చాలాకాలం తేలలేదు. గాయంలో సూక్ష్మజీవులు చేరకముందో, చేరిన వెంటనేనో ఇస్తేనే మందు పనిచేస్తుందని, మూడు గంటలు దాటితే ఫలం లేదని 1961లో జాన్ బర్క్ జంతువులపై చూపారు. 1992లో అమెరికాలో 2,847 మంది రోగుల వివరాలు పరిశీలిస్తే, కోతకు ముందు రెండు గంటల లోపల మందు అందినవారిలోనే చీము అతి తక్కువగా కనిపించింది. కత్తి తగిలే వేళకు మందు నెత్తుటిలో, కండలో సిద్ధంగా ఉండాలి. అందుకే నేడు అవసరమైన శస్త్రచికిత్సలకు ముందుగా సూదిమందు ఇస్తారు. కోత చాలా సేపు సాగితే మరల ఇస్తారు.

శస్త్రచికిత్స ముగిశాక నివారణ కోసమని మందును కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. ఇంటికి పంపేటప్పుడు వారం రోజుల మాత్రలు వ్రాయలేదని మనవారు వైద్యుని తప్పుపట్టడం, దుకాణంలో తామే కొని మింగించడం ఎరిగిన సంగతే. అనవసరంగా మింగిన కొద్దీ మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. గాయం ఎర్రబడి, వేడెక్కి, చీము కారితే, లేక జ్వరం వస్తే అది వేరే సంగతి. అప్పుడు ఆలస్యం చేయక అదే వైద్యునికి చూపాలి. చికిత్సగా ఇచ్చిన మందును చెప్పినన్ని రోజులూ వాడాలి.

లిస్టర్ 1877లో లండన్ కింగ్స్ కాలేజీకి మారి, విరిగిన మోకాలిచిప్పను వెండితీగతో కట్టి ఆ నగరపు వైద్యుల సందేహాలను క్రమంగా తొలగించారు. 1892 డిసెంబరులో పారిస్‌లో పాశ్చర్ డెబ్బదవ జన్మదినోత్సవానికి హాజరై, నిండుసభలో తన ఋణాన్ని ప్రకటించారు. నాలుగు నెలలకే ఇటలీలో ఆగ్నెస్ న్యుమోనియాతో మరణించింది. ఆపై ఆయనలో మునుపటి ఉత్సాహం కానరాలేదు. రాయల్ సొసైటీ అధ్యక్షపదవి 1895లో, ప్రభువు హోదా 1897లో లభించాయి. 1912 ఫిబ్రవరి 10న వాల్మర్‌లో కన్నుమూశారు. అంత్యప్రార్థనలు వెస్ట్‌మినిస్టర్ అబీలో జరిగాయి. దేహాన్ని మాత్రం వెస్ట్ హాంప్‌స్టెడ్ శ్మశానంలో ఆగ్నెస్ పక్కన సమాధి చేశారు.