ఖాళీ ఊరికి పన్నెవరు కడతారు?

ప్రాచీన ఈజిప్టులో నైలు వరద ఎత్తు చూసి పన్ను లెక్కగట్టేవారు. రాసుకోడానికి లేఖకులు ఉండేవారు. ఏ సామ్రాజ్యం పట్టయినా ఆ పన్ను పుస్తకంలోనే ఉంటుంది. మన వేటపాలెం పక్కన చీరాలలో ఆ పుస్తకాన్నే చెల్లకుండా చేయబోయినాయన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

1889లో పెనుగంచిప్రోలులో పుట్టారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పి, చీరాల చేరారు. మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేయడంతో ఏటా 4,000 రూపాయలుండే పన్ను 30,000 దాటింది. నేతపని చేసుకునే జనం కట్టలేమన్నారు. కొందరు జైలుకెళ్లారు. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు వచ్చి, ఊరు వదిలేయడం కూడా ఒక దారేనన్నారు.

ఊళ్లో ఉంటేనే కదా మున్సిపల్ పన్ను! వేల మంది పొలిమేర దాటి, పాకలు వేసుకుని రామనగరం కట్టుకున్నారు. కాపలాకి దుగ్గిరాలవారి రామదండు, తగవులకి సొంత పంచాయతీ. ఎండావానా ఓర్చుకుని 11 నెలలున్నారు.

ప్రభుత్వం నాయకుణ్ణి పట్టుకుంది. బరంపురంలో అరెస్టు చేసి ఏడాది జైలు వేసింది. చేతిలో డబ్బు అయిపోయి, నడిపించేవాడు లేక జనం వెనక్కొచ్చేశారు. మున్సిపాలిటీ నిలిచింది. ఆయన 1928లో క్షయతో పోయారు. అప్పటికి 39 ఏళ్లే.

గెలవలేదు, నిజమే. కానీ జనం లేచి వెళ్లిపోతే ఆ పుస్తకంలో మిగిలేవి ఉత్త పేర్లేనని 11 నెలలపాటు చూపించారు.