దేవుని మాన్యములో అద్దె యిండ్లు: ఆక్టేవియా హిల్ జీవితము

చంద్రపూర్ జిల్లా భద్రావతికి పార్శ్వనాథ స్వామి దర్శనమునకై వచ్చు యాత్రికునకు ధర్మశాలలో గది దొరకును. నాలుగు దినములుండి పోవువానికి అది చాలును. ఆ చుట్టుపట్ల బొగ్గు గనులలోనో, బల్లార్‌పూర్ కాగితపు మిల్లులోనో పని దొరకి, ఆలుబిడ్డలతో తెలుగు నేల విడిచి వచ్చినవానికి కావలసినది ధర్మశాల కాదు. తాను చెల్లింపగల అద్దెకు ఒక యిల్లు. ఆలయమునకు చెందిన భూమిలో అట్టి యిండ్లు కట్టవచ్చునా? దేవద్రవ్యమును అన్యకార్యమునకు వినియోగింపరాదను నియమము జైనులలో మిక్కిలి గట్టిది గనుక ఈ ప్రశ్న తేలికైనది కాదు. లండను నగరమున క్రైస్తవ దేవాలయ భూములను గూర్చి ఇట్టి ప్రశ్నయే పుట్టినప్పుడు, దానికి ఆచరణలో సమాధానము చూపినది ఒక స్త్రీ.

ఆక్టేవియా హిల్ 1838 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులోని విస్‌బెక్ పట్టణమున జన్మించెను. తండ్రి జేమ్సు హిల్ ధాన్యపు వర్తకుడు. 1840లో దివాలా తీసి, మతి చెదరి, సంసారభారము మోయలేనివాడయ్యెను. మాతామహుడు సౌత్‌వుడ్ స్మిత్ పేదవాడల ఆరోగ్యమునకై పాటుపడిన వైద్యుడు. ఆయన అండతో తల్లి కారొలైన్ బిడ్డలను పెంచెను. ఆక్టేవియా బడికి పోలేదు. పదునాలుగేండ్ల ప్రాయముననే, బొమ్మలు చేయు నిరుపేద బాలికల పనిశాలను నడుపు బాధ్యత ఆమెపై బడెను. ఆ పిల్లల వెంట వారి వాడలకు పోయి చూడగా ఒక్కొక్క గదిలో ఒక్కొక్క సంసారము, చెమ్మ పట్టిన గోడలు, నీటికి కటకట. అద్దె మాత్రము తప్పదు.

1865లో, అదివరకే పరిచితుడైన రచయిత జాన్ రస్కిన్ 750 పౌనులతో మార్లిబోనులో మూడు చిన్న యిండ్ల కౌలుహక్కు కొని ఆమె చేతికిచ్చెను. ఆ సందు పేరు పారడైజ్ ప్లేస్, అనగా స్వర్గధామము. పేరు పెట్టినవాడు ఆ యిండ్లలో కాపురమున్నవాడు కాడు. పెట్టుబడిపై నూటికి 5 పౌనుల వడ్డీ రావలెనని రస్కిన్ నియమము. దానముగా నడిపినచో ఒక్కచోటనే ఆగును, గిట్టుబాటయినచో ఇతరులును ముందుకు వత్తురని అందలి యోచన. ఆమె వారము వారము స్వయముగా గడప గడపకు పోయి అద్దె వసూలు చేసెను. బాకీ పెట్టనిచ్చెడిది కాదు. వడ్డీ పోగా మిగిలిన సొమ్ము మరమ్మతులకే. అందులో ఏ పని ముందు జరుగవలెనో కాపురమున్నవారే చెప్పుకొనవచ్చును. 1874 నాటికి ఆమె పాలనలో పదునైదు చోట్ల సుమారు 3,000 మంది యుండిరి. వసూలునకు స్త్రీలకే తర్ఫీదునిచ్చెను. 1877లో రస్కినుతో స్నేహము చెడి, ఆరోగ్యమును చెడి, కొంతకాలము విదేశములకు పోవలసివచ్చెను.

అసలు పరీక్ష 1884లో వచ్చెను. ఇంగ్లండు చర్చి ఆస్తులను చూచుటకు 1836లో ఏర్పడిన ఎక్లీజియాస్టికల్ కమీషనర్లకు లండనులో విస్తారమైన భూములుండెను. వానిని దీర్ఘకాలపు కౌలుకిచ్చుట వాడుక. కౌలుదారు మరొకనికి, అతడు ఇంకొకనికి ఇచ్చుచు పోగా అందరి లాభమును అట్టడుగున నున్న కూలివాడే మోసెడివాడు. గడువు తీరి భూమి తిరిగివచ్చునప్పటికి దానిపై మిగిలినది పాడుపడిన కొంపలు. మతగురువుల జీతము మురికివాడల అద్దెనుండి వచ్చుచున్నదను నింద పుట్టెను. కమీషనర్లు సదర్కులోని కొన్ని యిండ్లను ఆక్టేవియాకు అప్పగించిరి. ఆమె భూమిని దానమడుగలేదు. ధర్మకర్తలకు రావలసిన ఆదాయము న్యాయముగా వచ్చుచుండగనే యిల్లు మనిషి ఉండదగినదిగా నుండవచ్చునని చూపెను. అచ్చటనే, కాలిపోయిన కాగితపు ఫ్యాక్టరీ స్థలమున, 1887లో రెడ్ క్రాస్ తోట వెలసెను. దాని ప్రక్కన చిన్న యిండ్లు, ఒక సభామందిరము కట్టబడెను. 1903లో వాల్వర్తులో సుమారు 22 ఎకరముల కౌలు గడువు ముగియగా, ఆ స్థలము మరల మధ్యవర్తుల పాలుగాక కమీషనర్లే స్వయముగా కార్మికుల యిండ్లు కట్టి ఆమె పాలనలో నుంచిరి. నమ్మకము కుదురుటకు ఇరువది యేండ్లు పట్టినదన్నమాట.

ఆమె మాటలన్నియు నిలువలేదు. పురపాలక సంఘములు యిండ్లు కట్టుటను వ్యతిరేకించెను. స్త్రీలకు పార్లమెంటు ఓటును గూడ వలదనెను. అయితే ఒక్కొక్క సందునే బాగుచేయు పద్ధతితో అంత పెద్ద నగరము తీరునా అను ప్రశ్నకు ఆమె వద్ద సరియైన జవాబు లేదు. వాయుసేవనకు బయళ్లు మిగులవలెనని పోరాడి, 1895లో హంటరు, రాన్‌స్లీలతో కలిసి నేషనల్ ట్రస్టును స్థాపించెను. 1912 ఆగస్టు 13వ తేదీన లండనులో మరణించి, కెంటులోని క్రాకమ్ హిల్ గ్రామమున ఖననమయ్యెను.

ఆమె పేరిట పిలువబడిన ఆ చర్చి యిండ్లు అద్దెకున్నవారి నిరసనల నడుమ 2006లో అమ్ముడుపోయినవి.