కౌమారానికి అండగా నిలిచిన దుర్గాబాయి

బాల్యానికీ యౌవనానికీ నడుమ నిలిచిన దశ కౌమారం. 10 నుండి 19 సంవత్సరాల మధ్య వయస్సును ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారంగా నిర్ణయించింది. ఈ దశలో శరీరం వేగంగా ఎదుగుతుంది. మనస్సు తన దారిని తానే వెదుక్కొంటుంది. ఎన్నో సందేహాలు, భయాలు, ఆశలు ఒక్కసారిగా చుట్టుముడతాయి. అయినా ఈ వయస్సు వారిని శాసించిన పెద్దలే గాని, దగ్గర కూర్చోబెట్టుకొని వారి మాట విన్న పెద్దలు మన సమాజంలో చాలాకాలం వరకు అరుదు. బాలికల విషయంలోనైతే పెండ్లి, చదువు, ఆరోగ్యం అన్నీ ఇతరులు నిర్ణయించేవే. అటువంటి కాలంలో పుట్టి, తన జీవితాన్ని గురించి తానే నోరు విప్పి, ఆపైన వేలాది స్త్రీలకు అండగా నిలిచిన మహనీయురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. ఎనిమిదేండ్ల వయస్సులోనే ఆమెకు వివాహం జరిగింది. పెండ్లి అంటే ఏమిటో తెలియని ఆ పసిపిల్లను ఎవరూ ఏమీ అడగలేదు. ఆనాటికి వివాహానికి కనీస వయస్సును నిర్ణయించిన చట్టమే మన ప్రాంతంలో లేదు. శరీరం పూర్తిగా ఎదగకముందే తల్లులు కావడంవల్ల ఎందరో బాలికలు ప్రసవ సమయంలో ప్రాణాలు కోల్పోయేవారు. బ్రతికి బయటపడినవారిని రక్తహీనత, అనారోగ్యం వెంటాడేవి. శారదా చట్టంగా ప్రసిద్ధి పొందిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో వచ్చింది. అది కూడ బాలికల వివాహ వయస్సును 14 సంవత్సరాలుగా మాత్రమే నిర్ణయించింది.

పదిహేనేండ్ల వయస్సు వచ్చేసరికి దుర్గాబాయి తన మనస్సును తాను గుర్తించారు. తాను ప్రజాసేవకు అంకితం కావాలనుకుంటున్నాననీ, సంసార జీవితానికి తగననీ భర్తకు స్పష్టంగా తెలియజేశారు. మరొకరిని వివాహం చేసుకొమ్మని ఆయనను కోరారు. తల్లిదండ్రులు ఆమె మాటను ఆలకించి, ఆమె పక్షాన నిలిచారు. ఆనాటి సమాజంలో ఇది సామాన్యమైన విషయం కాదు. తరువాతి కాలంలో ఆయన మరణించగా, ఆయన రెండవ భార్యకు చేతిపనులలో శిక్షణ ఇప్పించి, జీవనోపాధి చూపినవారు కూడ దుర్గాబాయియే. తన మార్గం కోసం మరొక స్త్రీ నష్టపోకూడదన్నది ఆమె సంస్కారం.

కౌమార దశలోనే ఆమె దేశసేవలో అడుగుపెట్టారు. తాను హిందీ నేర్చుకొని, తోటి బాలికలకు హిందీ బోధించారు. 1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేండ్లయినా నిండలేదు. సంఘం వెలివేసినట్లు చూసిన దేవదాసీలను, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలను ఆయన సన్నిధికి చేర్చాలని ఆమె పట్టుబట్టి సాధించారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా జరిగిన ఖాదీ ప్రదర్శనలో స్వచ్ఛంద సేవకురాలిగా పనిచేశారు. టిక్కెట్టు లేని కారణంగా జవహర్‌లాల్ నెహ్రూను సైతం లోనికి పోనివ్వక, నియమం అందరికీ ఒకటేనని నిరూపించారు. కౌమారంలోని వారికి బాధ్యత అప్పగిస్తే వారు దానిని ఎంత నిష్ఠతో నెరవేరుస్తారో ఈ సంఘటన తెలుపుతుంది.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆమె కారాగారానికి వెళ్ళారు. చెరసాలలో తోటి స్త్రీ ఖైదీల కథలను ఓపికగా విన్నారు. చదువు లేక, చట్టం తెలియక శిక్షలు అనుభవిస్తున్న వారి దుఃస్థితి ఆమెను కలచివేసింది. న్యాయశాస్త్రం చదవాలనే సంకల్పం అక్కడే బలపడింది. మధుర జైలులో ఏకాంత నిర్బంధంవల్ల ఆమె ఆరోగ్యం దెబ్బతిన్నది. అయినా విడుదలైన పిమ్మట ఆగిపోయిన చదువును తిరిగి ప్రారంభించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం నిర్వహించే మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులై, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం అభ్యసించారు. ఆపైన మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది, న్యాయవాదిగా పేరు గడించారు.

1937లో ఆమె మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. చదువు మధ్యలో ఆగిపోయిన బాలికలను, యువతులను చేరదీసి పరీక్షలకు సిద్ధం చేయడం ఆ సంస్థ చేపట్టిన తొలి కార్యక్రమాలలో ఒకటి. క్రమంగా వసతిగృహం, చేతిపనుల శిక్షణ, వైద్యసేవ దానికి తోడయ్యాయి. చదువు, ఆరోగ్యం, ఉపాధి ఈ మూడూ కలిసినప్పుడే స్త్రీ తన కాళ్ళపై తాను నిలబడగలదని ఆమె విశ్వసించారు.

రాజ్యాంగ సభ సభ్యురాలిగా ఆమె స్త్రీల హక్కుల కోసం గళమెత్తారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సు 35 సంవత్సరాలుండగా, దానిని 30కి తగ్గించాలని ప్రతిపాదించి యువతపై తన నమ్మకాన్ని చాటారు. 1953లో చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే సంవత్సరం కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ మండలి ద్వారా స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలయ్యాయి. అదే కాలంలో స్త్రీవిద్యపై ఏర్పడిన జాతీయ సంఘానికి కూడ ఆమె అధ్యక్షత వహించారు.

ఆమె సేవకు హైదరాబాదు కూడ ముఖ్య కేంద్రమైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిసరాలలో ఆంధ్ర మహిళా సభ విద్యాసంస్థలు, విద్యానగర్‌లో ఆమె పేరిట ఆసుపత్రి వెలిశాయి. 1975లో భారత ప్రభుత్వం ఆమెను పద్మవిభూషణ్‌తో సత్కరించింది. 1981 మే 9న ఆమె పరమపదించారు.

ఆమె మరణించిన పదిహేడేండ్లకు, 1998లో, అదే నగరంలోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వెలసింది. నాడు బండరాళ్ళతో నిండిన ఆ ప్రాంతం నేడు హైటెక్ సిటీగా వేలాది యువతులకు ఉపాధి చూపుతున్నది. బాలికల వివాహ వయస్సు 1978లో 18 సంవత్సరాలకు పెరిగింది. కౌమార ఆరోగ్యం కోసం 2014లో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం ఆరంభమైంది. నేటి వైద్యులు కౌమారంలోని వారితో కొంతసేపు ఏకాంతంగా మాట్లాడతారు. ముందుగా ఇల్లు, చదువు, ఆహారం, స్నేహితులను గురించి అడుగుతారు. నమ్మకం కుదిరిన తరువాతనే దురలవాట్లు, శరీరంలోని మార్పులు, మనసులోని దిగులు, భద్రత వంటి విషయాలకు వస్తారు. ప్రాణాపాయం వంటి తీవ్రమైన ప్రమాదం ఉంటే తప్ప చెప్పిన మాటను గోప్యంగా ఉంచుతారు. మందు కన్నా ముందు మాట వినాలన్నది ఈ పద్ధతిలోని సారం.

దుర్గాబాయి వైద్యురాలు కాదు. కాని ఎనిమిదవ ఏట ఎవరూ అడగకపోవడంవల్ల కలిగిన నష్టాన్నీ, పదిహేనవ ఏట తల్లిదండ్రులు ఆలకించడంవల్ల కలిగిన మేలునూ ఆమె స్వయంగా అనుభవించారు. తనకు దక్కిన ఆ మేలును ఇతరులకు పంచడమే జీవిత ధ్యేయంగా చేసుకొన్నారు. మనసులోని బాధను దాచుకొనక నమ్మకమైన పెద్దలతో చెప్పుకోవడం పిరికితనం కాదని, అది ఎదుగుదలకు తొలిమెట్టని ఆమె జీవితం నేటి విద్యార్థులకు బోధిస్తుంది.