మూలకాల వరుస తేల్చిన మోస్లే

రసాయన శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికి తొలుత పరిచయమయ్యే పదాలలో పరమాణు సంఖ్య ఒకటి. హైడ్రోజన్‌కు 1, ఆక్సిజన్‌కు 8, ఇనుముకు 26, బంగారానికి 79 అని విద్యార్థులు అవలీలగా వల్లె వేస్తారు. ఆ చిన్న అంకెలను ప్రయోగంతో నిలబెట్టినవాడు ఇరవై ఏడేళ్లకే యుద్ధరంగంలో అసువులు బాసిన హెన్రీ మోస్లే.

మోస్లే 1887 నవంబరు 23వ తేదీన ఇంగ్లండులోని వేమత్ పట్టణంలో జన్మించాడు. తండ్రి హెన్రీ నాటిడ్జ్ మోస్లే చాలెంజర్ నౌకలో సాగరయానం చేసిన ప్రకృతి శాస్త్రవేత్త, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. తల్లి అమాబెల్ ఆలుచిప్పలు, గవ్వల అధ్యయనంలో ప్రఖ్యాతి పొందిన గ్విన్ జెఫ్రీస్ కుమార్తె. నాలుగేళ్లు నిండకముందే తండ్రి మరణించడంతో బాలుడు తల్లి సంరక్షణలో పెరిగాడు. ఈటన్ పాఠశాలలో విద్యార్థి వేతనంతో చదివి, 1910లో ఆక్స్‌ఫర్డ్ నుండి పట్టభద్రుడై, అదే సంవత్సరం మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో చేరాడు.

ఆనాటికి మూలకాల వర్గీకరణలో ఒక చిక్కుముడి మిగిలి ఉంది. 1869లో మెండలీవ్ మూలకాలను పరమాణు భారాల క్రమంలో అమర్చి ఆవర్తన పట్టికను రూపొందించాడు. కాని కొన్నిచోట్ల భారానికి, గుణానికి పొత్తు కుదరలేదు. ఆర్గాన్ భారం 39.9, పొటాషియం భారం 39.1. భారాన్నే ప్రమాణంగా తీసుకుంటే నీటిని తాకగానే భగ్గుమనే పొటాషియం జడవాయువుల సరసన చేరుతుంది. కోబాల్ట్, నికెల్‌ల మధ్య కూడా ఇదే పేచీ. పట్టికలోని వరుస సంఖ్య అప్పటికి కేవలం లెక్క కోసం వేసిన అంకె మాత్రమే. అది పరమాణు కేంద్రకంలోని ధనావేశాన్ని సూచిస్తుందని డచ్చి దేశస్థుడైన వాన్ డెన్ బ్రూక్ ఊహించాడు. ఆ ఊహకు నిదర్శనం కావలసి వచ్చింది.

ఆ నిదర్శనాన్ని మోస్లే ఎక్స్-కిరణాలలో వెదికాడు. వేగంగా వచ్చే ఎలక్ట్రాన్లు ఒక మూలకాన్ని తాకినప్పుడు ఆ మూలకానికే ప్రత్యేకమైన ఎక్స్-కిరణాలు వెలువడుతాయి. గాలి తీసివేసిన గొట్టంలో చిన్న పట్టాలు వేసి, వాటిపై మూలకాల నమూనాలను ఉంచిన బండిని దారంతో లాగుతూ, ఒక్కొక్కదాని కిరణాలను స్ఫటికం ద్వారా ఛాయాచిత్ర ఫలకంపై నమోదు చేశాడు. ఆ కిరణాల పౌనఃపున్యానికి వర్గమూలం కట్టి చూడగా, ఒక మూలకం నుండి తరువాతి మూలకానికి అది మెట్టు తరువాత మెట్టుగా సమానంగా పెరుగుతూ కనిపించింది. భారాలలో లేని క్రమబద్ధత ఇక్కడ గోచరించింది. కోబాల్ట్‌కు 27, నికెల్‌కు 28 అని తేలింది. క్లోరిన్‌కు 17, పొటాషియంకు 19 రావడంతో నడుమనున్న 18వ స్థానం ఆర్గాన్‌దే అయింది. ఈ ఫలితాలు 1913, 1914 సంవత్సరాలలో వెలువడ్డాయి.

కేంద్రకంలోని ధనావేశ కణానికి ప్రోటాన్ అనే పేరు 1920లో స్థిరపడింది. పరమాణు సంఖ్య అంటే కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. ఆరు ప్రోటాన్లు ఉన్న పరమాణువు కార్బన్. న్యూట్రాన్ల సంఖ్య మారితే దాని భారం మారుతుందే గాని అది కార్బన్‌గానే ఉంటుంది. మరొక ప్రోటాన్ చేరితే మాత్రం అది నైట్రోజన్. తటస్థ పరమాణువులో ఎలక్ట్రాన్లు కూడా అన్నే ఉంటాయి కనుక మూలకపు రసాయన స్వభావానికి ఈ సంఖ్యయే ఆధారం.

సంఖ్యలు స్థిరపడగానే ఖాళీలు కూడా బయటపడ్డాయి. 43, 61, 72, 75 స్థానాలకు తగిన మూలకాలు అప్పటికి దొరకలేదు. వాటిని తరువాతి శాస్త్రజ్ఞులు పూరించారు. 1923లో హాఫ్నియం, 1925లో రీనియం, 1937లో టెక్నీషియం, 1945లో ప్రొమీథియం వెలుగు చూశాయి. ఎక్కడ ఏ మూలకం కొరవడిందో తెలిసిన తరువాత అన్వేషణ గుడ్డిగా సాగవలసిన అవసరం లేకపోయింది.

ఈ విజయాలను కళ్లారా చూసే భాగ్యం మోస్లేకు దక్కలేదు. 1914లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుల సమావేశం కోసం తల్లితో కలిసి ఆస్ట్రేలియా వెళ్లిన సమయంలో ప్రపంచయుద్ధం మొదలైంది. ప్రయోగశాలలో ఉండిపోయే అవకాశం ఉన్నా, దేశరక్షణ తన విధి అని తలచి తిరిగివచ్చి సైన్యంలో చేరాడు. వార్తా సంకేతాల అధికారిగా టర్కీలోని గలిపోలి రంగానికి వెళ్లాడు. 1915 ఆగస్టు 10న టెలిఫోనులో ఆదేశాన్ని అందజేస్తుండగా శత్రువు తూటా ఆయనను బలిగొన్నది. తన ఆస్తిని శాస్త్ర పరిశోధనకు వినియోగించమని రాయల్ సొసైటీకి వీలునామా రాసిపెట్టాడు. ఇటువంటి మేధావిని యుద్ధరంగానికి పంపడం దేశం చేసుకున్న నష్టమని గురువు రూథర్‌ఫర్డ్ ఆవేదన చెందాడు.

మోస్లే స్వతంత్ర పరిశోధనకు దొరికిన కాలం నాలుగేళ్లకు మించలేదు. ఆ స్వల్పకాలంలోనే ఆయన ఒక సందేహాన్ని పట్టుదలతో వెంబడించి, దానిని కొలతతో తీర్చాడు. నేడు ఆవర్తన పట్టికలో 118 మూలకాలున్నాయి. వాటిలో దేనికీ మోస్లే పేరు పెట్టలేదు. అయినా ప్రతి మూలకం తన చోటు నిలుపుకొన్నది ఆయన నిరూపించిన సంఖ్య వల్లనే.