హ్యాండ్‌బ్రేక్ లాగితే కారు గిర్రున తిరిగేది.. ఆ మొనగాడు కోలిన్ మెక్‌రే కథ ఇదీ! ఘాట్ రోడ్డెక్కే కుర్రాళ్లు తప్పక తెలుసుకోవాలి

గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా నంద్యాల వైపు వెళ్తే నల్లమల ఘాట్. మార్కాపురం నుంచి పెద్దదోర్నాల మీదుగా శ్రీశైలం బయల్దేరినా అదే అడవి, అవే మెలికలు. ఓ పక్క కొండ, ఇంకో పక్క లోయ. ఎదురుగా ఏ లారీ వస్తోందో మలుపు తిరిగేదాకా తెలీదు. ఇలాంటి రోడ్డు చూడగానే ఫోన్‌లో చూసిన వీడియోలు గుర్తొస్తాయి కొందరికి. స్పీడుగా వచ్చి, హ్యాండ్‌బ్రేక్ లాగి, కారును అడ్డంగా జార్చి మలుపు తిప్పేసే వీడియోలు. ఈ విద్యలో ప్రపంచమంతా పేరు మోగిపోయినవాడు ఒకడున్నాడు. అతనే కోలిన్ మెక్‌రే. కానీ అతని కథ పూర్తిగా తెలిస్తే హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యి వేసేముందు ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు.

స్కాట్లాండ్‌లోని లానార్క్ పట్టణంలో 1968 ఆగస్టు 5న పుట్టాడు మెక్‌రే. తండ్రి జిమ్మీ మెక్‌రే ఐదుసార్లు బ్రిటిష్ ర్యాలీ ఛాంపియన్. తమ్ముడు అలిస్టర్ కూడా తర్వాత ఇదే దారి పట్టాడు. ఇంట్లో ఎప్పుడూ ఇంజిన్ల గోలే. కోలిన్ మొదట మోటార్‌సైకిల్ పోటీల్లో దిగాడు. 16 ఏళ్ల వయసులో కార్ల మీద మనసు పడింది. కానీ రోడ్డు మీద నడపాలంటే లైసెన్స్ వయసు రాలేదు. అప్పుడే ఆటోటెస్ట్ అనే పోటీ గురించి తెలిసింది.

ఖాళీ స్థలంలో కోన్లు పెడతారు. వాటి చుట్టూ తక్కువ స్పీడులో కారును చకచకా తిప్పాలి. ముందుకు, వెనక్కి, గుండ్రంగా.. టైమ్ ఎంత తక్కువైతే అంత గొప్ప. ఇక్కడ హ్యాండ్‌బ్రేకే అసలు ఆయుధం. మెక్‌రే చదువుకున్న మొదటి బడి ఇదే. నేర్చుకున్నది నడిరోడ్డు మీద కాదు. చుట్టూ జనం లేని చోట, తప్పు చేస్తే కోన్ మాత్రమే పడిపోయే చోట.

అసలు హ్యాండ్‌బ్రేక్ లాగితే ఏమవుతుంది?

మామూలు కారులో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటుంది. గట్టిగా లాగితే అవి బిగుసుకుపోతాయి. తిరగని చక్రానికి రోడ్డు మీద పక్కకు పట్టు ఉండదు. పైగా బ్రేక్ పడగానే బరువంతా ముందుకు వస్తుంది. దాంతో వెనక భాగం తేలికై పక్కకు జారుతుంది. మెల్లగా వెళ్లే కారైతే ఆ జారుడుతో ఇరుకు మలుపులో ముక్కు తిప్పుకోవచ్చు. అదే 80, 100 స్పీడులో చేస్తే కారు గిరగిరా తిరిగి ఎటు పోతుందో డ్రైవర్‌కే తెలీదు. ఫుట్‌బ్రేక్‌తో పనిచేసే ఏబీఎస్ ఇక్కడ కాపాడదు. చాలా కార్లలో వెనక బ్రేక్ లైట్ కూడా వెలగదు. అంటే వెనకొచ్చే బండికి హెచ్చరిక ఉండదు.

ర్యాలీ కారు లెక్క వేరు. అందులో స్టీరింగ్ పక్కనే పొడవాటి లివర్ ఉంటుంది. హైడ్రాలిక్ ఒత్తిడితో పనిచేస్తుంది. లాగి వదిలితే చక్రాలు క్షణంలో బిగిసి, క్షణంలో వదులుతాయి. అయినా దాన్ని వాడేది ఎక్కువగా హెయిర్‌పిన్ మలుపుల్లోనే, స్పీడు బాగా తగ్గించాకే. వేగమైన మలుపుల్లో మెక్‌రే లాంటివాళ్లు నమ్ముకునేది వేరే విద్యలు. ముందు స్టీరింగ్ ఒకవైపు తిప్పి వెంటనే రెండోవైపు తిప్పి కారు బరువును ఊపడం, ఎడమకాలితో బ్రేక్ నొక్కుతూ కుడికాలితో యాక్సిలరేటర్ వదలకపోవడం. వీడియోలో మనకు కనిపించేది కారు అడ్డంగా జారడమే. కాళ్ల దగ్గర జరిగే పని కనిపించదు.

ఈ ఆటతోనే మెక్‌రే 1991, 1992లో వరుసగా బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1992లో ఫిన్‌లాండ్ ర్యాలీలో కారు ఒకటికి రెండుసార్లు పల్టీలు కొట్టినా, నుజ్జయిన కారుతోనే 8వ స్థానంలో ముగించాడు. 1993లో న్యూజిలాండ్‌లో తొలి ప్రపంచ ర్యాలీ విజయం. కార్లు అంతలా విరగ్గొట్టేవాడు కాబట్టి ఎగతాళి పేర్లు కూడా వచ్చాయి. అయినా జనం మాత్రం అతని కారు ఎప్పుడొస్తుందా అని అడవి చలిలో గంటల తరబడి నిలబడేవాళ్లు.

1995 అతని సంవత్సరం. నీలి రంగు సుబారు ఇంప్రెజా, దాని మీద పసుపు రంగు 555 అంకెలు. పక్క సీట్లో కో డ్రైవర్ డెరెక్ రింగర్. స్పెయిన్ ర్యాలీలో సొంత టీమ్‌లోని కార్లోస్ సైంజ్‌ను దాటొద్దని టీమ్ ఆదేశించింది. మెక్‌రే వినలేదు. చివరికి పెనాల్టీతో గెలుపు సైంజ్‌కే దక్కింది. ఇద్దరూ సమాన పాయింట్లతో ఆఖరి ర్యాలీకి వచ్చారు. అది మెక్‌రే సొంతగడ్డ బ్రిటన్‌లో. మధ్యలో టైరు పంక్చరై వెనకబడ్డా, తిరిగి దూసుకొచ్చి గెలిచాడు. 27 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్. అప్పటికి ఆ కిరీటం గెలిచినవాళ్లలో అతనే చిన్నవాడు. ఆ రికార్డు 2022 దాకా నిలిచింది.

1998లో అతని పేరుతో వచ్చిన వీడియో గేమ్ ప్రపంచాన్ని ఊపేసింది. ర్యాలీ అంటే ఏంటో తెలియని దేశాల్లో కూడా పిల్లలు ప్లేస్టేషన్, కంప్యూటర్ ముందు కూర్చుని బటన్ నొక్కి హ్యాండ్‌బ్రేక్ లాగారు. ఆ గేమ్‌లో లోయలో పడితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. మెక్‌రేకి ఆ వసతి లేదు. 2000లో కోర్సికాలో కారు లోయలోకి తిరగబడి చెంప ఎముక విరిగింది. 2001లో రెండో టైటిల్ చేతికందే దూరంలో ఉంది. ఆఖరి ర్యాలీకి పాయింట్ల పట్టికలో ముందున్నది అతనే. వేల్స్ అడవిలో ఒక్క మలుపును మరీ లోపలికి కోశాడు. కారు పల్టీలు కొట్టింది. రెండే రెండు పాయింట్ల తేడాతో టైటిల్ రిచర్డ్ బర్న్స్‌కు వెళ్లిపోయింది.

ఇన్ని ప్రమాదాల్లోనూ మెక్‌రే బతికి బయటపడ్డాడు. అదృష్టం ఒక్కటే కాదు. కారులో ఉక్కు పంజరం, తలకు హెల్మెట్, ఒంటికి గట్టి బెల్టులు ఉండేవి. ర్యాలీ స్టేజీలో సాధారణంగా రోడ్డు మూసేస్తారు, ఎదురుగా బండి రాదు. ముందే ఆ దారి చూసి రాసుకున్న పేస్ నోట్స్‌ను పక్కనుంచి కో డ్రైవర్ చదువుతుంటాడు. వచ్చే మలుపు ఎంత ఇరుకో డ్రైవర్‌కు ముందే తెలుసు. తెగింపు ఎంత ఉన్నా దాని చుట్టూ కంచె ఉండేది.

2007 సెప్టెంబర్ 15న ఆ కంచె లేదు. మెక్‌రే సొంత హెలికాప్టర్ నడుపుతూ లానార్క్‌లోని ఇంటి దగ్గర్లోనే కూలిపోయాడు. వయసు 39. అతనితో పాటు ఐదేళ్ల కొడుకు, కొడుకు స్నేహితుడైన ఆరేళ్ల బాబు, ఒక కుటుంబ మిత్రుడు.. నలుగురూ చనిపోయారు. హెలికాప్టర్ ఎందుకు కూలిందో దర్యాప్తు అధికారులు కచ్చితంగా తేల్చలేకపోయారు. అయితే 2011లో స్కాట్లాండ్ కోర్టు విచారణ రెండు విషయాలు స్పష్టం చేసింది. అతని పైలట్ లైసెన్స్ గడువు అప్పటికే తీరిపోయింది. చెట్లున్న లోయలో అవసరం లేకుండా, ప్రమాదకరంగా కిందికి దించి నడిపాడు. 25 ప్రపంచ ర్యాలీలు గెలిచిన చేతుల గురించి ఒక న్యాయాధికారి రాసిన మాట అది.

లానార్క్ జనం ఇప్పటికీ అతన్ని తలుచుకుంటారు. అభిమానులకు అతను హీరోనే. ఆ హీరో కూడా హ్యాండ్‌బ్రేక్ విద్య చూపించింది ఎదురుగా ఎవరూ రారని తెలిసిన దారిలోనే. దోర్నాల ఘాట్‌లో పేస్ నోట్స్ చదివేవాళ్లు లేరు. మలుపు అవతల శ్రీశైలం వెళ్లే ఆర్టీసీ బస్సు ఉండొచ్చు, పిల్లలతో బైక్ మీద వచ్చే కుటుంబం ఉండొచ్చు, రోడ్డు దాటే జింక ఉండొచ్చు.

ఘాట్ దిగేటప్పుడు పనికొచ్చేది వేరే పద్ధతి. ఎక్కిన గేర్‌లోనే దిగాలి. ఇంజిన్ పట్టుతో స్పీడు తగ్గాలి. న్యూట్రల్‌లో వదలకూడదు. నిజంగానే ఫుట్‌బ్రేక్ ఫెయిలైతే గేర్ ఒక్కొక్కటిగా తగ్గిస్తూ, హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగాలి, చక్రాలు బిగుసుకోకుండా. ఒక్కసారిగా గుంజితే మిగిలేది గిరగిరా తిరిగే కారే. మిగతా రోజుల్లో హ్యాండ్‌బ్రేక్ పని ఒక్కటే.. ఆపిన బండిని కదలకుండా పట్టుకోవడం.